ఆమె సెలవులో ఉంటే ఎవరు కూర్చోవాలి?

దొంగను చూడని పోలీసు నౌకరి

పోలీసు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యానని చెప్పగానే ఎదుటివాళ్లు కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. దొంగల గురించి అడుగుతారు, హత్యల గురించి అడుగుతారు. నా సర్వీసు మొత్తంలో నేను చూసిన దొంగ ఒక్కడే. మా ఆఫీసు మెట్ల దగ్గర సూపరింటెండెంటు గారి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వాణ్ణి కూడా వీపు వైపు నుంచే చూశాను.

నేను ఖాకీ వేసుకున్నదాన్ని కాదు, సివిల్ స్టాఫ్‌ని. చివరి కొన్నేళ్లు నన్ను కూర్చోబెట్టిన గదికి ప్రణాళిక విభాగం అని బోర్డు ఉండేది. అక్కడ చేసే పని ఒక్కటే. ఇంకో ఐదేళ్లకో పదేళ్లకో ఈ ఊరికి ఎంతమంది పోలీసులు కావాలి, వాళ్లు ఎక్కడ కూర్చోవాలి, ఏ బండి ఎక్కాలి అని ఇవాళే ఆలోచించి పైకి చెప్పడం. పోలీసును అంగట్లో కొనుక్కురాలేం కదా. నోటిఫికేషన్ పడాలి, పరీక్ష రాయాలి, పరుగు పందెం గెలవాలి, ట్రైనింగ్ అవ్వాలి. ఈలోగా అడిగిన సారు బదిలీ అయిపోతాడు. కొత్త సారు వచ్చి, ఇంతమందిని ఎందుకు అడిగారని మనల్నే అడుగుతాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న ఇంటికొచ్చింది. "మేడం, ఫైళ్లు సదివితే నాకేం సమజైతలేదు. మీరు జేసిన పనేందో జర రాసియ్యుండ్రి" అంది. ఫైళ్లు చదివితే నాకూ సమజు కాదమ్మా అన్నాను. ఇది ఆమె కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, మెమోల సంగతి వదిలేస్తున్నాను. అవి అందరికీ ఒక్కతీరుగానే వస్తాయి, ఒక్కతీరుగానే బాధపెడతాయి.

నాకు ఈ పని నేర్పిన సారు లెక్కల మనిషి కాదు, తిరిగే మనిషి. కుర్చీలో కూర్చుంటే ఆయనకు నిద్రొస్తుంది. సిద్దిపేట జిల్లా కేంద్రం అయిన కొత్తలో ఒకరోజు నన్ను జీపు ఎక్కించుకుని హైదరాబాద్ రోడ్డు మీద ఊరి చివరికి తీసుకెళ్లాడు. అక్కడ జొన్న చేను తీసేసి, తెల్ల సున్నం కొట్టిన రాళ్లు పాతారు. రాళ్ల మధ్య మేకలు మేస్తున్నాయి. నేను బస్సులో రోజూ ఆ దారినే వచ్చేదాన్ని, ఎన్నడూ తల తిప్పి చూడలేదు.

"పద్మమ్మా, గీ రాళ్లు జూడు. ఇప్పుడు మేకలున్నయి. రేపు ఇండ్లయితయి. ఇండ్లల్లకు మనుషులొస్తరు, మనుషులతోని కొట్లాటలొస్తయి. గప్పుడు ఉరికితె ఏం లాభం? స్టేషన్‌కు జాగ గిప్పుడే అడగాలె" అన్నాడు.

ఆయనకు ఇంకో కొలత కూడా ఉండేది. కొత్త కాలనీలో ముందు కిరాణం దుకాణం వస్తుంది, తర్వాత చికెన్ సెంటర్ వస్తుంది, ఆ తర్వాత బెల్టు షాపు వస్తుంది. బెల్టు షాపు తెరిచారంటే మనం ఆలస్యమైనట్టే అనేవాడు. ఆయన అడిగి పెట్టిన జాగాలో ఇప్పుడు స్టేషన్ ఉంది. చుట్టూ ఇళ్లే, మేకలు లేవు. అటు వెళ్లినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను, కళ్లు తడవుతాయి.

షైనీకి రిలీవర్

మా రిజర్వు ఇన్‌స్పెక్టర్ యాదగిరి సారు గురించి చెప్పాలి. బండ్లు, సామాన్లు, పోలీసు కుక్కలు అన్నీ ఆయన కిందే. పెద్ద మీసం, పెద్ద గొంతు. కానిస్టేబుళ్లు ఆయన్ని చూసి దడుచుకునేవాళ్లు. ఆ మనిషి కుక్కల షెడ్డులోకి పోతే మాత్రం గొంతు మారిపోయేది. షైనీ అని ఒక లాబ్రడార్ ఉండేది, బాంబుల వాసన పట్టేది. మంత్రులో పెద్దవాళ్లో వస్తున్నారంటే సభ జరిగే చోట ముందు తిరిగేది షైనీయే. "నా బిడ్డ" అని ఆయన అందరి ముందూ అనేవాడు, ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు.

ఏటా అవసరాల చిట్టా అడిగినప్పుడు మిగతా అధికారులు నాన్చి నాన్చి ఆలస్యంగా పంపేవాళ్లు. యాదగిరి సారు మాత్రం స్వయంగా వచ్చి నా ఎదురుగా కూర్చునేవాడు. ఏ జీపు టైర్లు ఎప్పుడు అరుగుతాయో, ఏ బండి ఇంకో రెండు వానాకాలాలు మాత్రమే నడుస్తుందో చెప్పేవాడు. షైనీ కొద్దిసేపు పనిచేస్తే దానికి నీడా నీళ్లూ విశ్రాంతీ కావాలి. ఆ సేపు పని ఆగకూడదు కాబట్టి ఇంకో కుక్క సిద్ధంగా ఉండాలి. అదే రిలీవర్. షైనీ రిటైరయ్యే నాటికి కొత్త కుక్కపిల్ల ట్రైనింగ్ పూర్తిచేసుకుని రావాలని కొన్నేళ్ల ముందే నాతో అడిగించాడు.

"లేకుంటె నడుమల జాగ ఖాళీ పడ్తది మేడం" అన్నాడు.

"నా రిటైర్మెంటు గురించి ఎవరన్న గిట్ల ముందుగాల ఆలోచించిన్రా సార్?" అని ఏడిపించాను.

"మీకేంది మేడం, మీరు నోరు దెరిచి అడుగుతరు. అది నోరు లేని జీవి" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ప్రణాళిక అంటే ఏమిటని మీరు అడిగితే నేను ఆయన్నే చూపిస్తాను. వాడేది ఏదైనా అలసిపోతుంది, జబ్బు పడుతుంది, ముసలిదవుతుంది అని ఆయనకు ఎప్పుడూ గుర్తుండేది. మా ఆఫీసులో చాలామందికి అది బండ్ల విషయంలో గుర్తుండేది, మనుషుల విషయంలో మరిచిపోయేవాళ్లు.

బండ్ల షెడ్డులో తొట్టెల

తర్వాత కొత్త కమిషనర్ సారు వచ్చాడు. ఉత్తరాది మనిషి, ట్రైనింగులో తెలుగు నేర్చుకున్నాడు. ప్యూనును కూడా గారూ అనేవాడు, క్రియాపదం చివరిదాకా పలికేవాడు. రాగానే పదేళ్ల ప్రణాళిక అడిగాడు. జనాభా ఎంత, కేసులు ఎన్ని, స్టేషన్ నుంచి ఊళ్లకు దూరం ఎంత, వీటితో ఒక సూత్రం తెచ్చాడు. సూత్రం మంచిదే. నాకు మాత్రం పాత సారు పెట్టిన పిచ్చి ఉంది కదా, స్టేషన్లు తిరిగి చూసి వస్తానన్నాను. "వెళ్లండి పద్మ గారూ, తప్పకుండా వెళ్లండి" అన్నాడు.

హుస్నాబాద్ వైపు ఒక స్టేషన్‌కు వెళ్లాను. పేరు రాయను, రాస్తే అక్కడివాళ్లు ఎవరెవరో అందరూ పోల్చుకుంటారు. పత్తి ఏరే రోజులు. మధ్యాహ్నం ఎండ మీదికొచ్చింది. భవనం కొలతలు చూద్దామని వెనక్కి వెళితే, పట్టుకొచ్చిన బండ్లు పెట్టే రేకుల షెడ్డు ఉంది. ఒక పక్క ఇసుక ట్రాక్టరు, ఇంకో పక్క దుమ్ము పట్టిన మోటారు సైకిళ్లు. షెడ్డు ఇనుప పైపుకు పాత చీర కట్టి తొట్టెల వేశారు. తొట్టెల పక్కన ఒక పెద్దామె కింద కూర్చుని, కాలితో దాన్ని ఊపుతూ విసనకర్ర విసురుతోంది.

పోలీసు స్టేషన్‌లో తొట్టెల చూడడం నాకు అదే మొదటిసారి. ముందు అనుమానమొచ్చింది, ఏదో కేసులో దొరికిన బిడ్డేమోనని.

"ఎవరి బిడ్డ అవ్వా?" అన్నాను.

"మా కోడలిదమ్మా. మా కోడలు గీ ఠాణల పోలీసు" అంది.

ఆమె పేరు రాజవ్వ. నేత కుటుంబం, సిద్దిపేటలో ఉంటారు. కోడలు స్వప్న ఆ స్టేషన్‌లో కానిస్టేబుల్. కాన్పు సెలవు అయిపోయి ఈమధ్యే డ్యూటీలో చేరింది. ఆ బిడ్డ సీసాపాలు తాగదు.

"మూతి గిట్ల దిప్పుకుంటదమ్మా, అత్త కాడ అలిగిన కోడలి లెక్క" అని రాజవ్వ మూతి తిప్పి చూపించింది. "ఏం జెయ్యాలె? పొద్దుగాల కోడలెంబడి బస్సుల వస్త, మాపటికి కోడలెంబడి పోత. ఆడోళ్లకు బస్సు ఉత్తగనె ఆయె. లేకపోతె అది గూడ ఎల్లకపోవు."

అంతలో స్వప్న వెనక తలుపులోంచి పరుగున వచ్చింది. నన్ను చూసి సెల్యూట్ చేయాలో వద్దో తెలియక ఆగింది. నేను ఖాకీదాన్ని కాదు, సెల్యూట్ అక్కర్లేదు. బిడ్డ అప్పటికే ఏడుపు అందుకుంది. స్వప్న నడుముకున్న బెల్టు తీసి ఒక మోటారు సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి, ట్రాక్టరు చాటుకు వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ యూనిఫాం చొక్కా బిడ్డకు పాలిచ్చే మనిషి కోసం కుట్టింది కాదు. ఎవరైనా వస్తారేమోనని రాజవ్వ లేచి అడ్డంగా నిలబడింది, నేనూ వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. నేను చేయగలిగింది ఆ క్షణంలో అంతే.

ఎస్సై కుర్రవాడు, మంచివాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఆ స్టేషన్‌కు ఆడపోలీసులు ఇద్దరే. రెండో అమ్మాయి మౌనికకు నెలలు నిండుతున్నాయి, కుర్చీలోంచి లేవడమే కష్టంగా ఉంది. ఆడవాళ్లను స్టేషన్‌కు తెచ్చినా, ఆడవాళ్లు ఫిర్యాదు చేయడానికి వచ్చినా, ఆడపోలీసు ఉండి తీరాలి.

"ఇయ్యాల ఒకామె వచ్చింది మేడం, మొగడు కొట్టిండని. ఎక్కడ దెబ్బలు తాకినయో నాకు జెప్పదు కద. స్వప్ననే రాయాలె" అన్నాడు. "ఇంకొకల్లను ఇయ్యిండ్రని అడగని ఆఫీసు లేదు. అందరిది ఒక్కటే మాట, మాకే లేరు అంటరు."

బిడ్డ నిద్రపోయాక స్వప్న నా దగ్గరికొచ్చి బెల్టు పెట్టుకుంటూ మాట్లాడింది.

"నెలాఖరుకు మౌనిక సెలవు మీద పోతది మేడం. అప్పుడు పగలు నేనే, రాత్రి నేనే. నాతోని కాదు. ఇగ ఇడిసిపెడ్త."

"నౌకరి ఇడుస్తవా? గంత కష్టపడి తెచ్చుకున్నది?"

"లోపల ఒకామె ఏడుసుకుంట జెప్తుంటది, నేను రాస్తుంట. బయట ఇది ఏడుస్తది. నా పెన్ను ఆగుతది మేడం. ఆమె ఏమన్నదో నాకు ఇనబడది. పాపం, ఆమె దమ్ము జేసుకుని ఠాణ దాక వచ్చింది. నాకు ఇనబడకపోతె ఆమెకు అన్యాయం గాదా?"

రాజవ్వ వెనకనుంచి అందుకుంది. స్వప్నకు ఉద్యోగం వచ్చేదాకా ఆమె భర్త మహారాష్ట్రలో, భీవండి మరమగ్గాల మీద పనిచేసేవాడట. పెళ్లయిన కొత్తలో కూడా ఏడాదికి ఒకసారే వచ్చేవాడట. కోడలికి నౌకరి అయ్యాక, ఇల్లు నిలబడిందని తిరిగొచ్చి సిద్దిపేటలో బట్టల దుకాణంలో చేరాడు.

"ఇది ఇంట్ల కూసుంటె దుకాణం జీతంతోని ఎల్లదమ్మా. వాడు మల్ల భీవండి బండెక్కుతడు. గీ పిల్ల నాయినను ఫోన్ల జూస్తది" అంది. అని, విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఈ నెల ఆగు బిడ్డా. తొందరపడకు" అన్నాను స్వప్నతో. ఏ అధికారంతో అన్నానో నాకే తెలియదు. మా పిల్లలప్పుడు మా అమ్మ ఉంది, ఇల్లు ఆఫీసు పక్క వీధిలో ఉంది. అవి లేకపోతే నేనూ స్వప్న అన్న మాటే అనేదాన్ని. జీపులో తిరిగొస్తూ డ్రైవరుకు కనబడకుండా ఏడ్చాను.

అందరిదీ ఒకటే ఈడు

మర్నాడు ఆఫీసుకు వచ్చి మా ఆడపోలీసుల వివరాలన్నీ ముందేసుకున్నాను. చూసిన కొద్దీ నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది ఒకే నోటిఫికేషన్‌లో వచ్చినవాళ్లు. అందరిదీ ఒకటే ఈడు. కలిసి పరీక్ష రాశారు, కలిసి ట్రైనింగ్ అయ్యారు, ఉద్యోగం రాగానే ఇళ్లల్లో పెళ్లిళ్లు చేశారు. ఇక కాన్పులు మాత్రం వేర్వేరు కాలాల్లో ఎట్లా వస్తాయి? ఇవాళ హుస్నాబాద్ వైపు స్టేషన్‌లో ఉన్న కష్టం ఇంకొన్నాళ్లలో ప్రతి స్టేషన్‌కూ వస్తుంది.

వాళ్లను తీసుకోవాలని ముందు ప్రణాళిక వేసినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. ప్రతి స్టేషన్‌లో ఆడపోలీసు ఉండాలని పట్టుబట్టి సాధించింది వాళ్లే. ఆ మేలు మరిచిపోకూడదు. కానీ ఆ గదిలో కూర్చున్నవాళ్లందరూ మగవాళ్లు. ఇరవయ్యేళ్లు దాటిన అమ్మాయిలను ఒక్కసారిగా తీసుకుంటే, కొన్నేళ్లలో అందరూ ఇంచుమించు ఒకేసారి తల్లులవుతారని ఒక్కరికీ తట్టలేదు. జీపు టైరు అరుగుతుందని తట్టింది.

ఇంకో పొరపాటు కూడా ఉంది, ఇది మన పద్ధతిలోనే ఉంది. ఒక స్టేషన్‌కు ఇద్దరు ఆడపోలీసులు అని రాస్తే, ఇద్దరూ రోజూ ఉంటారనే లెక్క. సెలవు, జబ్బు, ట్రైనింగు, బందోబస్తు, ఇవేవీ ఆ లెక్కలో లేవు. ఆమె సెలవులో ఉంటే ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఎవరూ రాయలేదు. కొత్తగా వచ్చే పిల్లలూ, మీరు ఏ ప్రణాళిక చేసినా ఈ ప్రశ్న మొదట వేసుకోండి.

నేను ఒక పేజీ తయారు చేశాను. ఆడపోలీసుల్లో కొందరిని ఏ స్టేషన్‌కూ కట్టేయకుండా విడిగా ఉంచాలి. ఎక్కడ ఒకామె సెలవు మీద పోతే అక్కడికి ఒకరిని పంపాలి. కొత్తగా కట్టే ప్రతి స్టేషన్‌లో తల్లులకు ఒక చిన్న గది ఉండాలి. ఇంతే.

మీటింగు రోజు వచ్చింది. పెద్ద బల్ల, చుట్టూ ఖాకీలు, నేనొక్కదాన్నే చీరలో. నా పేజీ వచ్చేసరికి ఒక అధికారి నవ్వుతూ, "అందరు ఒక్కపారే కనుడేంది మేడం? మీరే వంతులు పెట్టి ఆర్డరియ్యుండ్రి" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు.

నా కోపం మా ఇంట్లోవాళ్లకు తెలుసు, ఆ రోజు ఆఫీసువాళ్లకూ తెలిసింది. "మీ బ్యాచోళ్లు పెండ్లిళ్లు వంతుల్ల చేసుకున్నరా సార్? ట్రైనింగ్ కాంగనే అందరు ఒక్కపారే చేసుకోలే? అప్పుడు మీకెవ్వరు ఆర్డరియ్యలె" అన్నాను. ఈసారి ఆయన మీద నవ్వారు. ఆయనా నవ్వాడు, కానీ పని కాలేదు.

కమిషనర్ సారు నవ్వలేదు. "పద్మ గారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ పైవాళ్లు నన్ను అడుగుతారు. ఒక కుర్చీకి ఇద్దరు మనుషులు ఎందుకు అని. నేను ఏమి చెప్పాలి?" అన్నాడు.

నేను చెప్పగలిగిందంతా చెప్పాను. స్వప్న సంగతి చెప్పాను, తొట్టెల సంగతి చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. అయ్యో అన్నాక ఆ పేజీ తిప్పేశారు. నెలాఖరు దగ్గరికొచ్చేసింది, ఆ పిల్లను ఆగమని చెప్పి వచ్చాను.

తర్వాతి పేజీ బండ్లు, కుక్కలు. ఖర్చు తగ్గించడానికి ఎవరో షైనీ రిలీవర్‌ను తీసేద్దామన్నారు. ఒక కుక్క ఉండగా ఇంకోటి ఎందుకని. యాదగిరి సారు కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాడు.

"అట్లెట్ల సార్? అది ఎంతసేపని పనిచేస్తది? పానమున్న జీవి గదా. అలిసిపోతది, జొరమొస్తది, పిల్లలను గన్నదనుకో, పాలియ్యాలె. దాని జాగల ఇంకోటి లేకపోతె పనెట్లయితది? మనమన్న సమజు చేసుకోవాలె గదా సార్!"

ఆయన షైనీ గురించే మాట్లాడాడు. ఇంకే ఉద్దేశమూ లేదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ చివరి మాట పూర్తయ్యేసరికి గదిలో ఎవరూ కదల్లేదు. వంతుల జోకు వేసిన అధికారి తల వంచుకున్నాడు. అందరూ ఎందుకు ఊరుకున్నారో యాదగిరి సారుకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత నా వైపు చూశాడు. ఆ మీసాల మనిషి ముఖం ఎర్రబడిపోయింది.

కమిషనర్ సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "యాదగిరి గారూ, ఆ మాట ఇంకొకసారి చెప్పండి."

"తప్పయింది సార్. కోపంల అన్న."

"తప్పు మీది కాదు. కూర్చోండి." తర్వాత నా వైపు తిరిగాడు. "పద్మ గారూ, మీ పేజీ మళ్లీ తీయండి. ఆ అమ్మాయి పేరు ఏమన్నారు?"

సంధ్య అలక

పైకి పంపే ప్రణాళికలో నా పేజీ చేరింది. అది వెళ్లి, తిరిగొచ్చి, ప్రశ్నలు అడిగి, మళ్లీ వెళ్లి, సగం అవడానికి చాలాకాలం పట్టింది. ఆ సంగతి మీటింగులోనే కమిషనర్ సారుకు తెలుసు. అందుకే ఇంకో ప్రశ్న వేశాడు. "కొత్తవాళ్లు వచ్చే వరకు ఆ అమ్మాయి ఆగలేదు. స్టేషన్లకు పోవలసిన ఆడపోలీసులు మన ఆఫీసుల్లో ఎంతమంది ఉన్నారు?"

అందరూ ముందున్న కాగితాలు తిరగేయసాగారు. అందరిదీ ఒకే కారణం. ప్రతి అధికారి గదిలోనూ ఒక ఆడపిల్ల ఉంది. టపా చూసేందుకు ఒకరు, ఫోన్లు ఎత్తేందుకు ఒకరు, కంప్యూటరు దగ్గర ఒకరు. కాగితం మీద వాళ్లు స్టేషన్‌లో ఉన్నట్టే, కుర్చీ మాత్రం ఇక్కడ. మాకే లేరు అని ఆ ఎస్సైకి అందరూ చెప్పారే, ఎందుకు లేరో అప్పుడు బయటపడింది.

"ముందు మీ గది నుంచి మొదలుపెడదామా?" అన్నాడు సారు నాతో.

మా గదిలో సంధ్య ఉంది. ఖాకీ పిల్లే, కానీ కంప్యూటరు మీద చేయి పెడితే మా పదేళ్ల ప్రణాళిక మొత్తం దాని వేళ్లలో ఉండేది. నాకు మౌస్ పట్టుకోవడమే సరిగా రాదు. పెళ్లి కాలేదు, చిన్నపిల్లలు లేరు, ఆ స్టేషన్‌కు పంపడానికి సంధ్యకంటే తగినవాళ్లు లేరు. సరే సార్ అన్నాను.

సంధ్య అలిగింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "నేనే దొరికిన్ననా మేడం మీకు? గా హుస్నాబాద్ బస్సుల నిలవడి పోవాల్నా? మీకు టైపు ఎవరు కొడ్తరు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేనే కొట్టుకుంట. ఒక్కవేలుతోని కొడ్త. నువ్వు పో బిడ్డా, ఆడ ఒక పసిపాప ఉన్నది" అన్నాను.

విసవిసా వెళ్లింది. మొదటి రోజు సాయంత్రం ఫోన్ చేసి ఇరవై కంప్లెయింట్లు చెప్పింది. ఫ్యాన్ తిరగదట, టీ బాగోదట, ఎస్సైకి ఫైలు పేరు పెట్టడం రాదట. అన్నీ చెప్పి చివర్లో గొంతు తగ్గించి, "స్వప్నక్కను మూడు గొట్టంగ ఇంటికి తోలిన మేడం. పాపనెత్తుకుని బస్సెక్కింది. రాజవ్వ నాకు దండం పెట్టబోయింది, నాకు సిగ్గయింది" అంది.

స్వప్న రాజీనామా ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఆమెకు సిద్దిపేట టౌన్‌లోనే పగటి డ్యూటీ దొరికింది. భర్త భీవండి బండి ఎక్కలేదు. ఆ మధ్య కూరగాయల మార్కెట్లో కనబడ్డాడు, పాపను భుజాల మీద కూర్చోబెట్టుకుని వంకాయలు ఏరుతున్నాడు. నేనెవరో ఆయనకు తెలియదు. పలకరించకుండా కాసేపు చూసి వచ్చేశాను.

సంధ్యను ఆరు నెలలకు వెనక్కి పిలుద్దామనుకున్నాను, నా ఒంటివేలి టైపింగు చూసి సెక్షన్ అంతా నవ్వుతోంది. పిలిస్తే, "అప్పుడే పిలువకుండ్రి మేడం. మౌనిక పిల్లగాడు ఇంక పాలిడువలె" అంది. సరేలే అని నేనే టైపు నేర్చుకున్నాను. రిటైరయ్యేనాటికి రెండు వేళ్లు పడేవి.

అన్నీ గెలిచామని చెప్పను. అడిగినన్ని పోస్టులు రాలేదు. కొన్ని ఆఫీసుల్లో ఆడపిల్లలు మళ్లీ నెమ్మదిగా కుర్చీలెక్కారు, ఇది చూస్తూ ఉండాల్సిన జబ్బు. కొత్త స్టేషన్లలో తల్లుల గది వచ్చింది. ఒకచోట ఆ గదిలో పాత హెల్మెట్లు, బ్యారికేడ్ తాళ్లు కుక్కారు. నేను వెళ్లి, అవి బయటికి మోసేదాకా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ స్టేషన్‌వాళ్లు నా వెనక నన్ను ఏమని పిలిచారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఎక్కువేం లేదు. సూత్రాలు కావాలి, వాటిని తిట్టకండి. కానీ పంపే ముందు ఒక్కసారి ఆ స్టేషన్ వెనక్కి వెళ్లి చూడండి. ముందు వైపు అన్ని స్టేషన్లూ ఒక్కతీరుగానే ఉంటాయి. మీ గదికి దెబ్బ తగిలే పని అయితే ముందు మీ గది నుంచే మొదలుపెట్టండి, అప్పుడు పక్కగదివాళ్లు కాదనలేరు. ఎవరైనా జోకు వేస్తే నవ్వేసి ఊరుకోకండి. నాకు కోపం ఎక్కువన్నారు. ఉండనీ, ఆ కోపం లేకపోతే నేను ఆ పేజీ ముందే మూసేసేదాన్ని.

పోయిన వానాకాలం

స్వప్న ఇప్పుడు సీనియర్ అయింది. పాప బడికి వెళుతోంది. ఏ స్టేషన్‌కూ కట్టేయకుండా విడిగా ఉంచే జట్టు ఒకటి చిన్నగా మొదలైంది, అందులో తనను వేయమని స్వప్న తానే వెళ్లి అడిగిందట. టౌన్‌లో, ఇంటి దగ్గర ఉన్న డ్యూటీ వదిలేసి అడిగింది. ఆమె ఫోన్ చేసేదాకా ఆ సంగతి నాకు తెలియదు.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనక వాన చప్పుడు, వైర్‌లెస్ సెట్టు గరగర.

"మేడం, రాయపోల్ దిక్కు ఒక ఠాణల ఉన్న. ఈడ ఒక పిల్ల కాన్పు సెలవైపోయి మొన్ననే డ్యూటీల చేరింది, బిడ్డ వెనక గదిల ఉన్నది. తన జాగల కూసుండ ఎవ్వరు రాకపాయె అని మొకం చిన్నగ జేసుకుని కూసున్నది. నన్ను జూడంగనే ఏడ్సింది."

"నీ పేరు తెలుసా ఆమెకు?"

"నేనెవరో గూడ తెల్వది మేడం. లేసి పొమ్మన్న. ఎంతసేపట్ల రావాలె అక్కా అని అడిగింది."

"మరి నువ్వేమన్నవు?"



"నీ బిడ్డ పాలు తాగి ఇడిసినంక రా అన్న మేడం. గప్పటిదాక నేను కూసుంట అన్న."